రోగము కర్మఫలమా, ఖోలీ ఫలమా?

మన చాళ్ళలో ఎవరికైనను దీర్ఘవ్యాధి వచ్చినపుడు పెద్దల నోట మొదట వెలువడు మాట "వాని ఖర్మ" అనునది. రెండవ మాట "తాగి తాగి తెచ్చుకొన్నాడు" అనునది. మొదటి మాటలో జాలి యున్నది, రెండవ మాటలో కోపమున్నది. రెండింటి ఫలితము మాత్రమొక్కటే: రోగమునకు కారణము రోగిలోనే యున్నదని తేల్చి విచారణ ముగించుట. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారింపవలెనని మాకు చిరకాలముగా కోరిక. మేము వైద్యులము కాము, శాస్త్రపండితులమును కాము. మెట్రిక్ ప్యాసై, గుమాస్తాగిరీ చేసి, విశ్రాంతి పుచ్చుకొన్నవారము. గుమాస్తాకు తెలిసిన విద్య యొక్కటే: ఏ పద్దు ఏ ఖాతాలో వ్రాయవలెనో చూచుట. రోగమనెడు పద్దును ఎవరి ఖాతాలో వ్రాయవలె నన్నదే ఇచ్చటి ప్రశ్న.

కామాఠీపుర పుట్టుపూర్వోత్తరములు ఇట్టి సంచికల చదువరులకు క్రొత్తవి కావు. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట వేసి వర్లీ వద్ద సముద్రపు గండి పూడ్చిన తరువాత, బైకలా, మహాలక్ష్మి నడుమనున్న బురదనేల మెల్లమెల్లగా ఎండినది. ఆ పల్లపు నేలమీద, 18వ శతాబ్ది చివరినుండి, నిజాము రాజ్యము విడిచి వచ్చిన మన కూలీలును తాపీపనివారును గుడిసెలు వేసికొనిరి. ఇచ్చటివారు వారిని కామాఠీలనిరి. వారి పేట కామాఠీపుర మయ్యెను. నగరమునకు రాళ్ళు మోసినవారు, రోడ్లు వేసినవారు, మేడలు లేపినవారు వీరే. వీరిలోనుండి పెద్ద కాంట్రాక్టర్లును బయలుదేరిరి. జ్యోతిరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలచినవారిలో వ్యంకు బాలాజీ కాలేవార్ వంటి తెలుగు కాంట్రాక్టర్లు కలరు. ఈ గొప్పతనమును మనము ఏటేట వ్రాసికొనుచున్నాము, వ్రాయదగినదే. కాని పగలు రాయి మోసినవాడు రాత్రి ఎచ్చట పండుకొనెను, ఏ నీరు త్రాగెను, ఎన్నేండ్లు బ్రదికెను అను ముచ్చట మన సంచికలలో అరుదు.

తెలంగాణలో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అను నానుడి యున్నది. బ్రతుకుతెరువు వెదకికొనుచు పోవు మూడు దిక్కు లవి. మూటముల్లెతో పాటు ఖర్మ యనెడు మాటను గూడ మనవారు ఊరినుండి తెచ్చుకొనిరి. కాని ఆ మాటను నేడు మనము వాడునట్లు మన పూర్వవైద్యులు వాడలేదు. చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయము జనపదములకు కలుగు నాశమును గూర్చినది. గంగాతీరమున కాంపిల్య నగర ప్రాంతమున ఆత్రేయుడు అగ్నివేశునితో సంభాషించుచుండును. శిష్యుని సందేహము మన సందేహమే. మనుష్యుల ప్రకృతులు వేరు, తిండి వేరు, బలము వేరు, వయస్సు వేరు. అట్టి వారందరు ఒకే రోగముచే ఒకే కాలమున ఎట్లు నశింతురు? గురువు చెప్పిన సమాధానమేమనగా, మనుష్యులందరికి ఉమ్మడియైనవి నాలుగు కలవు: గాలి, నీరు, దేశము, కాలము. అవి చెడినపుడు ఊరంతయు చెడును. అవి చెడుటకు మూలము అధర్మము. ఆ అధర్మము ఎవరితో మొదలగును? దేశమునకు, నగరమునకు, జనపదమునకు పెద్దలైనవారు ధర్మము తప్పినపుడు వారితో మొదలై, వారి నాశ్రయించినవారికి ప్రాకి, తుదకు అందరిని ముంచును. అదే అధ్యాయమున ఆయుస్సు దైవము, పురుషకారము అను రెంటి బలాబలముల ననుసరించి యుండునని గూడ చెప్పబడినది. అనగా, ఊరిని పట్టిన రోగమును ఒక్కొక్క రోగి నొసటిరాతగా చదువుట చరకుని మతము కాదు. కర్మ యనగా చేసిన పని. ఆ పని చేసినవాడెవడు, ఫల మనుభవించినవాడెవడు అని విడివిడిగా అడుగుటకు శాస్త్రమే మనకు త్రోవ చూపినది.

ఇక బొంబాయి లెక్కలకు వత్తము.

1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో ప్లేగు బయటపడినది. గుర్తించినవాడు డాక్టర్ అకాసియో వేగాస్. 1897 జనవరిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన టీకాను తన దేహముమీదనే ప్రయోగించి చూచుకొనెను. ఈ నడుమ, 1896 అక్టోబరులో, మిల్లు కూలీలు గుంపుగా పోయి ఆర్థర్ రోడ్డు ఆస్పత్రిపై దాడి చేసిరి. చదివినవారు దానిని మూఢత్వమనిరి. నేటికిని కొందరట్లే వ్రాయుదురు. ఆస్పత్రికి తీసికొనిపోయినవాడు తిరిగి రాకపోవుట, ఇంటివారిని బలవంతముగా వేరుచేయుట, సామానులు తగులబెట్టుట కన్నులార చూచినవాని భయమును మూఢత్వమని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. ఆ ప్లేగులోనే, కూలీలకు వారపు సెలవు కొరకు పోరాడి 1890లో సాధించిన నారాయణ మేఘాజీ లోఖండే, రోగులకు సేవచేయుచు 1897లో కన్నుమూసెను. 1898లో ప్రభుత్వము నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించినది. దాని మొదటి పథకము కామాఠీపుర ప్రక్కనే యున్న నాగ్‌పాడా. గాలి వెలుతురు లేని కొంపలను కూల్చిరి, వెడల్పైన వీధులు వేసిరి. కూల్చినంత వేగముగా కట్టలేదు. కొంప పోయినవాడు ప్రక్క వీధిలోని మరియొక కొంపలో, ముందే నిండియున్న గదిలో, తానును దూరవలసి వచ్చెను. దారి శుభ్రమైనది, గది మరింత క్రిక్కిరిసినది.

గదిని గూర్చి యొక లెక్క కలదు. 1921 సంవత్సరమునకు బొంబాయి నగర శిశుమరణముల లెక్కను గదుల సంఖ్యను బట్టి విభజించి చూపిరి. ఒక్క గదిలోగాని అంతకు తక్కువ చోటులోగాని కాపురమున్న కుటుంబములలో వేయి జననములకు 828 మంది శిశువులు ఏడాది నిండకమునుపే చనిపోయిరి. రెండు గదులవారిలో 322. మూడు గదులవారిలో 191. నాలుగును అంతకు మించిన గదులవారిలో 133. మొదటిసారి ఈ అంకెలు చూచినపుడు మాకు నమ్మకము కుదరలేదు. పదిమందిలో ఎనమండుగురు శిశువులు చనిపోవు కులము గాని పేట గాని నిలుచుట ఎట్లు? కారణము విచారింపగా తెలిసినదేమనగా, కూలి కుటుంబముల స్త్రీలు పురిటికి ఊరికి పోవుదురు. బిడ్డ పుట్టుక బొంబాయి పుస్తకములో పడదు. బిడ్డతో తిరిగివచ్చిన పిమ్మట ఆ బిడ్డ చనిపోయినచో చావు మాత్రము బొంబాయి పుస్తకములో పడును. జమ ఒక ఊరి పుస్తకములో, ఖర్చు మరియొక ఊరి పుస్తకములో! గుమాస్తాలకు పరిచితమైన గందరగోళమే ఇది. అందుచేత 828 అను అంకె హెచ్చు. సరే, సగము కొట్టివేయుదము. 414 మిగులును. అప్పటికిని నాలుగు గదుల బిడ్డకంటె ఒంటిగది బిడ్డకు చావు మూడింతలు. ఏడాది నిండని పసికందు చేసికొన్న దుర్వ్యసనమేది? తాగినదా, జూదమాడినదా? పూర్వజన్మ కర్మ యందుమా, ఆ కర్మ గదుల సంఖ్యను బట్టి ఇంత చక్కగా మెట్లు మెట్లుగా ఎట్లు తగ్గెను?

ఆ కాలముననే, మిల్లులకు పోవు తల్లులు పసిపిల్లలకు నల్లమందు కలిపిన గోళీ యిచ్చి నిద్రపుచ్చి పనికి పోవుచుండిరి. బాల్‌గోళీ యని దానికి పేరు. తల్లిని నిందించుట సులభము. పనికి పోకున్న కూలి లేదు, పోయినచో బిడ్డను చూచు దిక్కు లేదు, పురిటి సెలవునకు జీతము లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయపు బిల్లు వచ్చినపుడు డాక్టర్ అంబేడ్కర్ దానిని బలపరచి మాటాడెను. అప్పటికి ఆయన పరేలులోని ట్రస్టు చాళ్‌లోనే కాపురము. చాళ్ బ్రతుకు ఆయనకు పుస్తకములలో చదివినది కాదు. 1929లో ఆ బిల్లు శాసనమయ్యెను. నల్లమందు తల్లి గుణమైనచో శాసనముతో ఏమి పని?

1920ల దశాబ్దమున ప్రభుత్వపు డెవలప్‌మెంటు శాఖ కట్టించిన బి.డి.డి. చాళ్ళు మన తెలుగువారిలో అనేకులకు పుట్టిన ఇండ్లు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గమున 32, శివ్‌డీలో 12, మొత్తము 207 కట్టడములు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపుటడుగులు. మరుగుదొడ్లు అంతస్తున కంతకు ఉమ్మడి. కుటుంబము లేని మగవారు గది పంచుకొను పద్ధతి మన పెద్దవారికి బాగుగా తెలియును. పగటిపాళీవాడు లేచి చాప చుట్టకమునుపే రాత్రిపాళీవాడు వచ్చి అదే చాపమీద నొరగును. వానకాలము నాలుగు నెలలు కిటికీలు మూసియుండును. క్షయరోగి దగ్గినపుడు వెలువడు క్రిములు మూసిన గాలిలో చాలసేపు తేలుచుండునని వైద్యులు చెప్పుదురు. ఒకడు దగ్గగా పదిమంది పీల్చుదురు. ఎవరి దగ్గు ఎవరి ఖర్మ?

మేము 1977లో ఒక మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా చేరితిమి. అచ్చట హాజరుపట్టీ వ్రాయుటయే మా పని. ఆ పట్టీలో ఒక వింత యుండెను. వారపు సెలవు మరునాడు కొన్ని ఖాతాలలో గైరుహాజరు హెచ్చు. పైవారు దానిని చూచి నవ్వి "సెలవునాటి తాగుడు దిగలేదు" అనువారు. అందరికిని అది ఒప్పుగానే తోచెను. కాని గైరుహాజరు తాగుబోతులున్న చోటనెల్ల సమానముగా లేదు. దూది బేళ్ళు విప్పు బ్లో రూములోను, దూది చిక్కు తీయు కార్డింగు ఖాతాలోను ఎక్కువ. చాల యేండ్లకు గాని దాని పేరు మా కంటబడలేదు. దూదిధూళి ఊపిరితిత్తులలో దిగి కలిగించు వ్యాధికి బిస్సినోసిస్ అని పేరు. దాని తొలి గుర్తు మిగుల విచిత్రమైనది: ధూళికి దూరముగా ఒకటి రెండు దినములుండి తిరిగి పనిలో దిగిన నాడే రొమ్ము బిగిసి ఆయాసము వచ్చును, వారము గడచుకొలది తగ్గును. లాంకషైర్ మిల్లులలో 1950ల దశాబ్దమున షిల్లింగ్ అను వైద్యుడు ఈ సోమవారపు ఆయాసమును ఆధారము చేసికొనియే వ్యాధి ముదిరిన మెట్లను నిర్ణయించెను. ఏండ్లు గడచుకొలది సోమవారము మంగళవారమున కెక్కును, తుదకు వారమంతయు సోమవారమే యగును. అమెరికాలో 1978లో దూదిధూళికి శాసనముచే హద్దు విధించిరి. మన పట్టీలో అది సెలవునాటి తాగుడుగా మిగిలినది. ఆ కార్మికులలో తాగినవారు లేకపోలేదు. అయినను, ఊపిరితిత్తుల పద్దును సారా ఖాతాలో వ్రాసినచో ధూళిని పీల్చి తీసివేయు యంత్రము కొనవలసిన అవసర మెవరికిని కనబడదు. అబద్ధపు పద్దువలన లాభము పొందువాడు ఎప్పుడును ఒకడుండును.

ఏ ఖాతాలో ఎవరు పనిచేయవలెనో గూడ ముందే వ్రాసియుండెను. నేత ఖాతాలో కూలి హెచ్చు. అచ్చట మన పద్మశాలీలుండిరి, మరాఠాలుండిరి, ముస్లిములుండిరి. దళితులకు, వారు తెలుగువారైనను మరాఠీవారైనను, నేతలో చోటు లేకుండెను. కారణము: నాడెలో క్రొత్త కండె పెట్టినపుడు దారపు కొసను నోటితో పీల్చి రంధ్రమున బయటికి లాగవలెను. అంటరానివాడు నోరుపెట్టిన నాడెను తాము నోటబెట్టమని తక్కినవారు పట్టుబట్టిరి. 1928 మహాసమ్మె నాడు అంబేడ్కర్ ఈ అన్యాయమును ఎత్తి చూపి, నేత ఖాతా తలుపులు తెరువుడని అడిగెను. నేత మూయబడినందున దళితులు వడకు ఖాతాలలోను తక్కువ కూలి పనులలోను మిగిలిరి. నేతగాండ్రు ఏమి బావుకొనిరి? ఆ నాడెనే పాళీ తరువాత పాళీ ఒకని నోటినుండి మరియొకని నోటికి మార్చుచు, దూదిని, పరుల ఉమ్మిని పీల్చిరి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున 1911లోనే ఇట్టి నాడెలను శాసనముచే నిషేధించిరి. నోటితో లాగ నక్కరలేని నాడెలు అప్పటికే వాడుకలో నుండెను. కులము దళితునికి నేత కూలిని దక్కనీయలేదు. నేతగానికి ఎంగిలినాడెను దక్కించినది. మడి నిలిపితిమనుకొన్నవారే పరుల ఎంగిలి త్రాగిరి. చరకుడన్న ఉమ్మడి గాలి అనుమాట మాకిచ్చట బాగుగా బోధపడినది.

మా వాదమునకు ఎదురు నిలుచు సాక్ష్య మొకటి కలదు. దానిని దాచుట ధర్మము కాదు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధనకేంద్రము స్థాపితమైనది. అచ్చట పేద రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమును మంచి తిండి, విశ్రాంతి గల శానటోరియములో నుంచిరి; రెండవ భాగమువారిని వారి ఇరుకు ఇండ్లలోనే యుంచి అవే మందులిచ్చిరి. 1959లో ఫలితములు ప్రకటించిరి. ఇంటిలోనున్నవారికిని ఇంచుమించు అంతే గుణము కనబడెను. ఇంటివారికి అంటుట గూడ హెచ్చలేదు. అయినచో గది దోషమేమి అని అడుగవచ్చును. మాకు తోచినది చెప్పుచున్నాము. మందు ఇంటికి నడచివచ్చి, రోగి మ్రింగుచున్నాడో లేదో కనుగొను మనుష్యుడును వెంట వచ్చినచో ఇరుకు గది కూడ ఓడిపోవును. ఆ పరిశోధన గదిని నిర్దోషి యనలేదు. అందవలసినది అందినపుడు పేదరోగి తన వంతు పని చక్కగా చేయునని నిరూపించినది. పేదవాడు మందు మ్రింగడు, చెప్పినట్లు వినడు అను అపవాదునకు అంతకంటె మంచి జవాబు లేదు. రోగము పట్టిన తరువాతి సంగతి యది. పట్టకుండుటకు తిండి ఏమి చేయునో ఇటీవల ఝార్ఖండ్‌లో తేలినది. క్షయరోగుల ఇంటివారికి నెలనెల పౌష్టికాహారపు సరుకులిచ్చి చూడగా, ఆ ఇండ్లలో క్రొత్తగా క్షయ తగులుట సుమారు 39 శాతము తగ్గినదని 2023లో ప్రకటించిరి. ప్రభుత్వము రోగికి 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చుచుండి 2024 నవంబరునుండి దానిని 1,000 చేసినది. మంచిపని. ముంబయిలో ఆ వేయితో నెలంతయు పాలు, గ్రుడ్లు కొనగలిగిన ఇల్లాలు ఎవరైన నున్నచో ఆమెను మన సంఘమునకు కోశాధికారిణిని చేయవలెను.

తాగువానిని మేము వెనుక వేసికొని రావడము లేదు. మందు నడుమ మాని, సారా కొట్టునకు పోయి, ఇంటిలోని పిల్లకు క్షయ నంటించినవాని పద్దు వానిదే. దానిని మిల్లుమీదగాని మునిసిపాలిటీమీదగాని వేయరాదు. పురుషకారమనునది ఒకటున్నదని చరకుడే చెప్పెను. అయితే దైవమని మనము పేరు పెట్టిన భాగములో ఎంత దైవము, ఎంత మనుష్యులు చేసిన ఏర్పాటు అని చూడవలెను. గది కొలత దైవము పెట్టలేదు. నాడెకు రంధ్రము దైవము తొలువలేదు.

కామాఠీపుర మ్యాపు తీసి చూడుడు. బైకలా వైపు 1845 నాటి జె.జె. ఆస్పత్రి, ముంబయి సెంట్రల్ వైపు నాయర్ ఆస్పత్రి. రెండింటికిని నడచి పోవచ్చును. ఇంత పెద్ద ఆస్పత్రుల నడుమనున్న పేట దేశములో మరి యెచ్చటనున్నది? దూరమును గజములతో కొలిచినచో ఈ పేట భాగ్యవంతమైనది. దినకూలితో కొలువుడు. పొద్దుననే చీటీ కొరకు వరుసలో నిలచినచో ఆనాటి కూలి పోవును. పరీక్షకు రెండవనాడు, ఫలితమునకు మూడవనాడు. మూడు కూళ్ళు పోగొట్టుకొనుటకంటె దుకాణములో దగ్గుమందు సీసా కొనుట తెలివిగా తోచుటలో ఆశ్చర్యమేమున్నది?

భాష మరియొక దూరము. మా చాళ్‌లోనే జరిగినది. పాలమూరు ప్రాంతమునుండి క్రొత్తగా వచ్చిన ఒకామెకు నెలల తరబడి దగ్గు. ఒక ఆస్పత్రిలో చిన్న డబ్బీ చేతికిచ్చి, "బల్గం" తెమ్మనిరి. ఆమెకా మాట తెలియదు. "ఏందమ్మా, ఏమన్నరు?" అని పిల్లవాని నడిగినది. వాడు మూడవ తరగతి చదువుచుండెను. "ఉమ్మమంటున్నరే అమ్మా" అనెను. ఆమె ఉమ్మినది. పరీక్షలో ఏమియు కనబడలేదు, కనబడదు గదా! పరీక్షకు కావలసినది లోపలినుండి దగ్గి తీసిన తెమడ, నోటి ఉమ్మి కాదు. తెమడ యని ఒక్క మాట ఎవరైన చెప్పియున్న ఆమె వెంటనే తెలిసికొనెడిది. నాలుగు నెలల తరువాత నెత్తురు పడినపుడు గాని రోగము తేలలేదు. ఈ కేసును ఏ ఖాతాలో వ్రాయుదురు? డాక్టరు తప్పు చేయలేదు, పిల్లవాడు తప్పు చేయలేదు, ఆమె అసలే చేయలేదు. ముంబయి మునిసిపాలిటీ తెలుగు బడులు నడపిన చరిత్ర గలది. తెలుగు పిల్లలున్నారని దానికి తెలియును. తెలుగు రోగులున్నారని తెలియుటకు మాత్రము ఆలస్యమైనది.

ఇది మనకే వచ్చిన కష్టము కాదు. 1848లో ప్రష్యా రాజ్యమున ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము చెలరేగినపుడు, రుడాల్ఫ్ విర్కో అను 26 ఏండ్ల వైద్యుని ప్రభుత్వము విచారణకు పంపినది. అచ్చటి పేదలు పోలిష్ మాటాడువారు. అధికారులు, చదువు, వైద్యము జర్మనులో. విర్కో తిరిగివచ్చి మందుల పట్టిక వ్రాయలేదు. స్వపరిపాలన, చదువు, రోడ్లు, వ్యవసాయము బాగుపడవలెననియు, ఆ ప్రజల భాషకు ప్రభుత్వములో స్థానమీయవలెననియు వ్రాసెను. పంపిన ప్రభుత్వమునకు అది రుచింపలేదు. అల్పసంఖ్యాకుల రోగమునకు చికిత్సలో భాషను చేర్చిన ఆ నివేదికను తలచినపుడు మాకు ఆ డబ్బీ జ్ఞాపకము వచ్చును.

కామాఠీపుర యను పేరును గూర్చి రెండు మాటలు. రాళ్ళు మోసినవారి పేరు పెట్టుకొన్న పేట, బ్రిటిషు పోలీసులు వేశ్యావృత్తిని కొన్ని వీధులలోనికి చేర్చిన తరువాత, మరియొక అర్థము పొందినది. అచ్చట చిక్కిన స్త్రీలలో మన తెలుగు జిల్లాల ఆడపిల్లలును కలరు. వారి కథ వేరుగా వ్రాయదగినది, తేలికగా వ్రాయరానిది. 1986లో మన దేశమున ఎయిడ్స్ క్రిమి కనుగొనబడిన తరువాత పేట పేరు చెప్పిన చాలును, ఎదుటివాని ముఖము మారెడిది. ఉద్యోగపు దరఖాస్తులో మనవారి పిల్లలు "ముంబయి సెంట్రల్" అనియు "గ్రాంట్ రోడ్డు" అనియు వ్రాసికొనిరి. పెండ్లిసంబంధములు చెడినవి. జ్వరము తగ్గని ఇల్లాలు, పేట పేరు చీటీమీద వ్రాసిన వెంటనే డాక్టరు ఏమి అడుగునో యని జడిసి ఆస్పత్రికి పోక ఊరుకొనెడిది. 2004 ఏప్రిలునుండి ప్రభుత్వము మందు ఉచితముగా ఇచ్చుచున్నది. సిగ్గుకు మాత్రము ఇంకను మందులేదు. ఈ సిగ్గును కలిగించినవారిలో, పేట విడిచి ఠాణే, డోంబివలీ చేరి "మేము కామాఠీపురవారము కాము" అని గట్టిగా చెప్పుకొను మనవారు కూడ కలరు.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వమున మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు పాల్గొనిరి. ఆ సమ్మెలో ఎందరికో ఉద్యోగములు పోయినవి. మా ఉద్యోగమును పోయి, వేరొకచోట గుమాస్తాగా కుదిరితిమి. కూలి పోవుట అందరు చూచిరి. కూలితోపాటు పోయినదానిని తక్కువమంది చూచిరి: 1948 శాసనము వలన కార్మికునికిని అతని ఇంటివారికిని వచ్చుచుండిన ఇ.ఎస్.ఐ. వైద్యము, జబ్బు సెలవునాటి భృతి. మిల్లులో దూదిధూళి పీల్చినవాడు రొమ్ముజబ్బు ముదురు వయస్సునకు వచ్చునప్పటికి ఇ.ఎస్.ఐ. కార్డు చెల్లకుండ పోయెను. రోగము మిల్లుది, ఖర్చు తనది. వాని కొడుకులు నాకాలలో బిగారి పనికి నిలచిరి, నాకాకు ఇ.ఎస్.ఐ. లేదు.

2020లో కరోనా వచ్చినపుడు పాతలెక్కయే క్రొత్తవేషమున కనబడినది. ఆ జూలైలో ముంబయిలో మూడు వార్డులలో నెత్తురు పరీక్షలు చేయగా, మురికివాడలలో 57 శాతమునకును, తక్కినచోట్ల 16 శాతమునకును అప్పటికే వ్యాధి తగిలిన గుర్తులు కనబడినవి. దూరముగా నుండుడని ప్రభుత్వము చెప్పినది. 160 అడుగుల గదిలో ఆరుగురు ఎవరికెవరు ఎంత దూరముగా నుందురు? ఉమ్మడి మరుగుదొడ్డి ముందు వరుసలో ఎట్లు నిలుతురు? అప్పుడును కొందరు, ఈ చాళ్ళవారికి క్రమశిక్షణ లేదనిరి. 1921లో ఒంటిగది తల్లిని అన్నమాటయే అది.

2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళ్ళ స్థానమున కట్టిన క్రొత్త మేడలలో మొదటి 556 కుటుంబములకు తాళపుచెవులిచ్చిరి. ఒక్కొక్క ఇల్లు 500 చదరపుటడుగులు, సొంత మరుగుదొడ్డి. వృద్ధులు కన్నీరు పెట్టుకొనిరన్న ఆశ్చర్యము లేదు. అయితే గోవండీలో లల్లూభాయి కాంపౌండు, నట్వర్ పారేఖ్ కాంపౌండు అను పునరావాసపు కాలనీలలో, మేడకు మేడకు నడుమ ఎడము చాలక, క్రింది అంతస్తులకు ఎండ, గాలి సోకక, క్షయ హెచ్చినదని పరిశోధకులు చూపినారు. కొలత పెరిగినంత మాత్రమున గది మంచిది కాదు. కిటికీ ఎదుట ఏమున్నదో చూడవలెను. కామాఠీపుర వంతు వచ్చునపుడు మన సంఘములవారు ఇంటి కొలతతో పాటు మేడల ఎడమునుగూడ నకలు పటములో చూపుమని అడుగవలెను. పేరు పట్టికలో లేని గది పంచుకొనువారు, నాకా కూలీలు ఏమగుదురని గూడ అడుగవలెను. వారు ఓటర్లు కారు గాన మరియెవ్వరును అడుగరు.

మన సంఘములు కల్యాణమండపములకు చందాలు వసూలు చేయుటలో ఆరితేరినవి. దానితో పోల్చిన అల్పమైన పని యొకటి మేము సూచించుచున్నాము. ఆస్పత్రులలో రోగి నడుగు ప్రశ్నలును, చెప్పు ఆజ్ఞలును, మందుల వేళలును, మన జిల్లాలవారు వాడు మాటలలో ఒక్క కాగితము మీద అచ్చువేయించి, మరాఠీ మాట ప్రక్కన తెలుగు మాట వ్రాయించి, నాయర్, జె.జె., కె.ఇ.ఎం. ఆస్పత్రుల బయటిరోగుల విభాగములకును, శివ్‌డీ క్షయ ఆస్పత్రికిని పంపవచ్చును. ఖర్చు ఒక మండపపు తోరణమంత కాదు. మాటల పట్టిక తయారుచేయుటకు మేము సిద్ధముగా నున్నాము. మొదటి మాట తెమడ యని ముందే వ్రాసి పెట్టితిమి.